పైన ఎక్స్‌ప్రెస్‌వే, కింద పాత రోడ్డు: ఎటు ఎన్ని బండ్లు వెళ్తాయో లెక్కకట్టడం ఎలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఎం.టెక్ ప్రాజెక్టు కోసం హైదరాబాద్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా నెట్‌వర్క్ గీశారు. పైన పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఒక దారి, దాని పిల్లర్ల పక్కన కింది రోడ్డు ఇంకో దారి. ఆల్ ఆర్ నథింగ్, అంటే అందర్నీ తక్కువ టైమ్ పట్టే ఒక్క దారికే పంపే పద్ధతి పెట్టి రన్ చేస్తే ఒక ఇటరేషన్లో (లెక్క ఒక రౌండ్‌లో) బండ్లన్నీ పైకెక్కేస్తున్నాయి, టైమ్ మళ్లీ లెక్కేసి ఇంకోసారి రన్ చేస్తే అన్నీ కిందికి దిగిపోతున్నాయి, ఎన్నిసార్లు తిప్పినా అంతే. గైడ్ గారు యూజర్ ఈక్విలిబ్రియం (ఎవరు దారి మార్చుకున్నా లాభం లేని పంపకం) చెయ్యమంటున్నారు, ల్యాబ్‌లో సీనియర్ లాజిట్ (టైమ్ తేడాని బట్టి దారులకి వాటాలు పంచే ఫార్ములా) పెడితే చాలంటున్నారు, రివ్యూ దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది అని రాశారు.

ఇద్దరూ చెప్పింది తప్పు కాదు. కానీ వాళ్ల మాటలకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఒకే చోటి నుంచి ఒకే చోటికి వెళ్లే బండ్లు అసలు రెండు దారుల్లోకి ఎందుకు చీలతాయి? ట్రాఫిక్ లెక్కల పనిలో ఇరవై ఏళ్లు దాటాక నాకు కనిపించే కారణాలు మూడు. కొందరికి రెండో దారే ఉండదు, లేదా వాళ్ల బండికి, వాళ్ల జేబుకి ఆ దారి ఖరీదు వేరుగా ఉంటుంది. రెండోది, ఒక దారి నిండేకొద్దీ నెమ్మదిస్తుంది, దాంతో కొందరు పక్కదారి పడతారు. మూడోది, ఏ దారికి ఎంత టైమ్ పడుతుందో ఒక్కొక్కరి అంచనా ఒక్కోలా ఉంటుంది. మొదటిదానికి యూజర్ క్లాసులు (బండ్లని రకాలుగా విడదీయడం), రెండోదానికి ఈక్విలిబ్రియం, మూడోదానికి లాజిట్ లాంటివి. ఒక కారణంతో జరిగే చీలికని ఇంకో పద్ధతితో లెక్కకడితే కాగితం మీద అంకెలు బాగానే సరిపోతాయి, రేపు రోడ్డు మార్చినప్పుడు మాత్రం ఆ మోడల్ చెప్పినట్టు ఏమీ జరగదు.

మీ నెట్‌వర్క్‌లో మొదటి కారణమే పెద్దది, మీ ప్రశ్నలో మాత్రం దాని ఊసే లేదు. ఆ ఎక్స్‌ప్రెస్‌వే మీదికి టూవీలర్లను రానివ్వరు. అంటే మన రోడ్ల మీద ఎటు చూసినా కనిపించే బైకులకీ, స్కూటర్లకీ అక్కడ ఎంపిక అన్నదే లేదు. వాటిని కింది రోడ్డు లింకుల (నెట్‌వర్క్‌లో రోడ్డు ముక్కల) మీద ముందే ప్రీలోడ్‌గా పెట్టేసి, మిగిలిన కెపాసిటీలో కార్ల సంగతి చూడాలి, లేదంటే టూవీలర్ క్లాసుకి పై లింకులు మూసేసి మల్టీక్లాస్‌గా రన్ చెయ్యాలి. కార్లలో కూడా అందరికీ రెండు దారులున్నాయనుకోకండి. అత్తాపూర్‌లో ఎవరినైనా అడ్రస్ అడగండి, వీధి పేరు కంటే ముందు పిల్లర్ నంబర్ చెప్తారు, షాపు బోర్డుల మీద కూడా అదే రాసి ఉంటుంది. ఎక్కడికి వెళ్తున్నారంటే "ఫలానా పిల్లర్ దగ్గరికి" అనేవాళ్లలో చాలామంది ఎలాగూ కిందే వెళ్తారు. 11.6 కిలోమీటర్ల ఫ్లైఓవర్ అంతా ఎక్కి ఆరాంఘర్‌లో దిగి వెనక్కి రారు కదా. ఏ జోను నుంచి ఏ జోనుకి ఎన్ని ట్రిప్పులో చూపే మీ ఓడీ మ్యాట్రిక్స్‌లో జోన్లు పెద్దవైతే ఈ స్థానిక ట్రిప్పులు కూడా చివరి నుంచి చివరి దాకా వెళ్లే ట్రిప్పుల్లో కలిసిపోతాయి, అప్పుడు ఈక్విలిబ్రియం కాదు కదా ఇంకేం చేసినా పైకి ఎక్కువ బండ్లే ఎక్కుతాయి. కాబట్టి జోన్లు చిన్నవి చెయ్యండి, మధ్యలో ర్యాంపులు ఎక్కడున్నాయో అక్కడ నోడ్లు (లింకులు కలిసే బిందువులు) సరిగ్గా పెట్టండి, నిజంగా రెండు దారులూ ఉన్నవాళ్లు ఎందరో ముందు తేల్చుకోండి. ఎక్కువ భాగం పని అక్కడే అయిపోతుంది.

ఇంకో విషయం, బండ్లను పీసీయూలోకి, అంటే ఒక్కో బండి ఎన్ని కార్లకి సమానమో ఆ లెక్కలోకి మార్చడం. ఐఆర్‌సీ 106, అంటే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో తెచ్చిన కోడ్, ట్రాఫిక్‌లో ఒక్కో రకం బండి వాటా ఎంతో చూసి విలువ ఇస్తుంది. టూవీలర్‌కి 0.5 లేదా 0.75, ఆటోకి 1.2 నుంచి 2.0, బస్సుకీ లారీకీ 2.2 నుంచి 3.7. 2017లో సీఆర్ఆర్ఐ (సెంట్రల్ రోడ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్) వాళ్లు తెచ్చిన హైవే కెపాసిటీ మాన్యువల్ ఇండో హెచ్‌సీఎంలో ఇంకా వివరంగా ఉంది. ఏది వాడినా ఫర్వాలేదు, కానీ డిమాండ్‌కి ఒక పట్టిక, కెపాసిటీకి ఇంకో పట్టిక కలిపి వాడకండి. నేను రివ్యూ చేసిన థీసిస్‌లలో పదేపదే కనిపించిన తప్పు ఇదే.

ఇక రద్దీ సంగతి. మీ నెట్‌వర్క్ కాసేపు పక్కన పెట్టి, కాగితం మీద చేత్తో చేసుకోగల లెక్క ఒకటి చూద్దాం, అంకెలు నేను వేసుకున్నవి. గంటకు 4000 కార్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లాలి. ఊరి రోడ్డు ఖాళీగా ఉంటే 12 నిమిషాలు, కెపాసిటీ గంటకు 2400. బైపాస్ ఖాళీగా ఉన్నా 18 నిమిషాలు, కెపాసిటీ 4000. టైమ్ పెరగడానికి అమెరికా బ్యూరో ఆఫ్ పబ్లిక్ రోడ్స్ 1964లో ఇచ్చిన ఫార్ములా తీసుకుందాం, మనందరం బీపీఆర్ అని పిలిచేది. ఫ్లోని, అంటే గంటకు వచ్చే బండ్ల సంఖ్యని, కెపాసిటీతో భాగించి, నాలుగో ఘాతానికి పెంచి, 0.15తో గుణించి, ఒకటి కలిపి, దాంతో ఖాళీ రోడ్డు టైమ్‌ని గుణించడం, అంతే.

ఆల్ ఆర్ నథింగ్‌లో మొదట 4000 మందీ ఊరి రోడ్డే పడతారు, దాని టైమ్ 25.9 నిమిషాలకి పోతుంది. బైపాస్ 18 దగ్గరే ఉంది కాబట్టి తర్వాతి రన్‌లో అందరూ అటు మళ్లుతారు, అది 20.7 అవుతుంది, ఊరి రోడ్డు మళ్లీ 12కి దిగుతుంది, మళ్లీ అందరూ వెనక్కి. మీకు జరుగుతున్నది ఇదే. మీ కోడ్‌లో బగ్ లేదు. ఆ పద్ధతికి రద్దీ ఎలా పంచాలో తెలియదు, రోడ్లు ఖాళీగా ఉండే పల్లెటూరి నెట్‌వర్క్‌కి తప్ప అది పనికిరాదు.

ఇంగ్లండ్‌లో రోడ్ రీసెర్చ్ లేబొరేటరీలో పనిచేసిన జాన్ గ్లెన్ వార్డ్రాప్ 1952లో చెప్పిన మొదటి సూత్రం ఇక్కడ వాడాలి: జనం వాడుతున్న దారులన్నిటి మీదా టైమ్ సమానంగా ఉంటుంది, వాడని దారి మీద అంతకంటే తక్కువ ఉండదు. మన లెక్కలో బైపాస్ టైమ్ 18 దగ్గర దాదాపు కదలదు కాబట్టి ఊరి రోడ్డు 12 నుంచి 18 అయ్యేదాకా నిండుతుంది. అంటే 0.15 × (ఫ్లో ÷ 2400) నాలుగో ఘాతం విలువ 0.5 కావాలి. చేసి చూస్తే ఊరి రోడ్డు మీద సుమారు 3243, బైపాస్ మీద 757, రెండు దారుల్లోనూ 18 నిమిషాలు. ఇప్పుడు ఎవరు దారి మార్చుకున్నా లాభం లేదు.

ఈ 3243ని కంప్యూటర్ ఎలా పట్టుకుంటుందన్నది వేరే సంగతి. అందరికీ తెలిసిన సులువైన దారి ఎంఎస్ఏ, వరుస సగటుల పద్ధతి. ప్రతి ఇటరేషన్లో చవక దారి (తక్కువ టైమ్ పట్టేది) మీదికి అందర్నీ పంపినట్టు లెక్కేసి, పాత ఫ్లోని ఆ లెక్క వైపు సగం దూరం, తర్వాత మూడో వంతు, నాలుగో వంతు, అలా జరుపుతూ పోవాలి. మన ఉదాహరణలో ఊరి రోడ్డు ఫ్లో 4000తో మొదలై 2000, 2667, 3000, 3200, 3333, ఆ వెంటనే 2857. చూడండి, 3200 దాకా వచ్చి గుమ్మం ముందు నిలబడి, అడుగు పెద్దది వేసి దాటిపోయింది, మళ్లీ వెనక్కి ఎక్కువ వచ్చేసింది. అక్కడే ఆపేస్తే రిలేటివ్ గ్యాప్ 0.04 పైన ఉంటుంది. అంటే అందరూ తమకు దొరికే చవక దారిలో వెళ్తే పట్టే మొత్తం టైమ్‌తో పోల్చి నాలుగు శాతం పైగా వృథా మిగిలి ఉంది, ఈక్విలిబ్రియం ఇంకా రాలేదు. 0.0001కి దించేదాకా ఆపొద్దు. ముఖ్యంగా "ఫ్లైఓవర్ ఉంటే, లేకపోతే" అని రెండు రన్‌లు పోల్చేటప్పుడు, కన్వర్జెన్స్ (లెక్క ఒకచోట స్థిరపడటం) సరిగ్గా లేకపోతే మీరు చూపించే తేడా ఫ్లైఓవర్ వల్ల వచ్చిందో ఆగిన చోటు వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. నేనైతే రివ్యూలో మొదట అడిగేది ఆ గ్యాప్ ఎంత అనే.

1956లో బెక్‌మన్, మెక్‌గ్వైర్, విన్‌స్టెన్ అనే ముగ్గురు ఈ ఈక్విలిబ్రియాన్ని ఒక కుంభాకార ఆప్టిమైజేషన్ సమస్యగా రాయొచ్చని చూపించారు. అదే ఏడాది ఫ్రాంక్, వుల్ఫ్ అనే ఇద్దరు అలాంటి సమస్యలను పరిష్కరించే పద్ధతి ఒకటి ప్రచురించారు, వాళ్ల మనసులో రోడ్లు లేవు. ఆ రెండూ ట్రాఫిక్ ఇంజనీర్ల చేతుల్లో బాగా వాడుకలోకి రావడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. 1975లో లెబ్లాంక్, మోర్లాక్, పియర్‌స్కల్లా అమెరికాలోని సూ ఫాల్స్ ఊరి నెట్‌వర్క్ మీద చేసి చూపించారు, 24 నోడ్లు, 76 లింకులు. ఇప్పటికీ కొత్త కోడ్ రాసినవాళ్లు ముందు దాని మీదే సరిచూసుకుంటారు, మీరూ అలాగే చెయ్యండి, సరైన సమాధానం ఫ్లోలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఫ్రాంక్ వుల్ఫ్‌లో అడుగు ఎంత వెయ్యాలో లెక్కేసి వేస్తారు కాబట్టి మన రెండు దారుల ఉదాహరణ ఒక్క అడుగులో తేలిపోతుంది. పెద్ద నగరంలో మాత్రం చివర్లో అదీ నత్తనడకే, అందుకే 2002లో బార్ గెరా ఇచ్చిన ఆరిజిన్ పద్ధతి, 2006లో డయల్ ఇచ్చిన ఆల్గరిథమ్ బీ లాంటివి వచ్చాయి. మీ సైజు నెట్‌వర్క్‌కి వాటి అవసరం లేదు.

ఇప్పుడు సీనియర్ గారి లాజిట్. వార్డ్రాప్ సూత్రంలో ప్రతి డ్రైవరుకీ ప్రతి దారి టైమ్ కచ్చితంగా తెలుసని ఒక ఊహ ఉంది. నిజంగా అలా ఉండదు, పదిహేనేళ్లుగా ఒకే ఆఫీసుకి వెళ్లే మనిషికి కూడా తను వెళ్లని దారి గురించి పాత అభిప్రాయమే ఉంటుంది. లాజిట్ ఈ అంచనా తేడాని థీటా అనే ఒక్క అంకెలో పెడుతుంది. థీటా పెద్దదైతే జనానికి నిమిషం తేడా కూడా తెలుస్తుంది, చిన్నదైతే ఐదు నిమిషాల తేడాని కూడా పెద్దగా పట్టించుకోరు.

కానీ జాగ్రత్త, ఖాళీ రోడ్డు టైమ్‌ల మీద ఒక్కసారి లాజిట్ వేసి వదిలేస్తే రద్దీ లెక్కలోకే రాలేదు. దగాంజో, షెఫీ 1977లో రెండింటినీ కలిపారు: తను అనుకుంటున్న టైమ్ ప్రకారం ఏ డ్రైవరూ దారి మార్చి లాభపడతానని అనుకోని స్థితి. దాన్నే స్టొకాస్టిక్ యూజర్ ఈక్విలిబ్రియం అంటాం. మన లెక్కలో నిమిషానికి థీటా 0.2 పెట్టి రద్దీతో కలిపి తేలిస్తే ఊరి రోడ్డు మీద సుమారు 2650 వస్తాయి, రెండు దారుల మధ్య 3.4 నిమిషాల తేడా అలాగే మిగిలి ఉంటుంది. థీటా 1 పెడితే సుమారు 3070. ఇంకా పెంచుకుంటూ పోతే 3243కి చేరుతుంది. కాబట్టి గైడ్ గారి పద్ధతి, సీనియర్ పద్ధతి వేర్వేరు మతాలు కావు, ఒకటి ఇంకోదాని చివరి కొస. రోడ్లు బాగా నిండిన పీక్ అవర్‌లో రెండూ దగ్గరికి వస్తాయి, రద్దీ తక్కువున్న మధ్యాహ్నం వేళ, లేదా రెండు దారులూ ఇంచుమించు సమానమైనప్పుడు మాత్రం లాజిట్ భాగం చాలా ముఖ్యం. థీటా ఎక్కడి నుంచో కాపీ కొట్టొద్దు. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని నడిపేవాళ్లు పెరిగాక పాత ఊళ్లలో, పాత ఏళ్లలో కట్టిన థీటాలు ఇప్పటి డ్రైవర్లకు సరిపోతాయని నేను నమ్మను.

లాజిట్‌లో ఇంకో గుంట ఉంది, కొత్తవాళ్లందరూ అందులో పడతారు. మూడు దారులున్నాయనుకోండి, మూడూ 20 నిమిషాలే. ఒకటి పూర్తిగా విడిగా వెళ్తుంది. మిగిలిన రెండూ 18 నిమిషాల దూరం ఒకటే రోడ్డు, చివరి రెండు నిమిషాల్లోనే ఒకటి ఎడమ సందులోంచి, ఇంకోటి కుడి సందులోంచి. మామూలు లాజిట్ మూడింటికీ తలా 33 శాతం పంచేస్తుంది. సందు మలుపు చూసి ఎవరైనా దాన్ని ఇంకో దారి అంటారా? జనం దృష్టిలో అక్కడున్నవి రెండే దారులు. దీన్ని సరిచెయ్యడానికి పాత్ సైజ్ అనే దిద్దుబాటు ఉంది, ఉమ్మడి భాగాన్ని పంచుకునే దారుల సంఖ్యతో భాగించడం. ఆ రెండింటికీ విలువ 0.45 + 0.1 = 0.55 వస్తుంది, విడి దారికి 1. అప్పుడు వాటాలు విడి దారికి 47.6 శాతం, మిగతా రెండింటికీ 26.2 చొప్పున అవుతాయి, మనసుకి నప్పే అంకెలు. కాస్సెట్టా ఇచ్చిన సీ లాజిట్ కూడా ఇదే పని ఇంకోలా చేస్తుంది. మీ నెట్‌వర్క్‌లో పైకెక్కే ర్యాంపు ఒకటి కంటే ఎక్కువ ఉంది కాబట్టి "ఇక్కడెక్కి వెళ్లడం", "అక్కడెక్కి వెళ్లడం" అనే దారులు చాలా భాగం ఒకటే అవుతాయి. ఈ దిద్దుబాటు లేకపోతే పై రోడ్డుకి ఉత్తి పుణ్యానికి ఎక్కువ వాటా వస్తుంది.

నేను పైన ఇచ్చిన 3243 అంకెని మాత్రం మీరు అనుమానించాలి. కెపాసిటీ 2400 ఉన్న రోడ్డు మీద గంటకు 3243 బండ్లు ఎలా వెళ్తాయి? వెళ్లవు. బీపీఆర్ ఫార్ములా కెపాసిటీ దాటినా నోరు మూసుకుని ఏదో ఒక టైమ్ ఇస్తుంది, అందులో క్యూ అన్నది లేదు. నిజంగా 3243 మంది అటు వస్తే గంట చివరికి 843 బండ్లు వెనక ఆగి ఉంటాయి, చివరగా వచ్చినవాడు 21 నిమిషాలు నిలబడాలి, అంటే వాడికి 12 కాదు, 18 కాదు, 33 నిమిషాలు. వాడు బైపాస్ ఎక్కకుండా ఉంటాడా?

అదే లెక్క క్యూతో చేద్దాం. నిమిషం నిమిషం బండ్లు సమానంగా వస్తున్నాయి, అందరికీ క్యూ ఎంతుందో తెలుసు. మొదట అందరూ ఊరి రోడ్డే పడతారు. గంటకు 4000 లెక్కన వస్తున్నాయి, 2400 లెక్కన బయటికి పోతున్నాయి, క్యూ గంటకు 1600 లెక్కన పెరుగుతుంది. బైపాస్ 6 నిమిషాలు ఎక్కువ కాబట్టి క్యూలో ఆగే టైమ్ 6 నిమిషాలయ్యేదాకా ఎవరూ కదలరు, అంటే క్యూ 240 బండ్లు అయ్యేదాకా. అది 9 నిమిషాల్లో అయిపోతుంది. అక్కడి నుంచి గంటకు 2400 లెక్కన ఊరి రోడ్డుకీ, 1600 లెక్కన బైపాస్‌కీ చీలతాయి, క్యూ 240 దగ్గరే నిలకడగా ఉంటుంది. గంట మొత్తం మీద ఊరి రోడ్డు పట్టేవి 600 + 2040, అంటే 2640. క్యూని లెక్కించని స్టాటిక్ మోడల్ చెప్పిన 3243తో పోల్చండి, ఆరొందల బండ్ల తేడా! ఆ 240 బండ్ల క్యూ రెండు వరసల్లో నిలబడితే, బండికి ఏడు మీటర్లు వేసుకున్నా 840 మీటర్లు. వెనక అర కిలోమీటరులో ఒక జంక్షన్ ఉంటే ఆ జంక్షన్ మూసుకుపోతుంది, అసలు ఈ రోడ్డుతో సంబంధమే లేనివాళ్లు కూడా ఆగిపోతారు. మెహదీపట్నం వైపు పైకెక్కే చోట సాయంత్రం నిలబడి చూస్తే నేనేం చెప్తున్నానో మీకే అర్థమవుతుంది.

విక్రీ 1969లో ఈ ఇరుకు మార్గం లెక్క మొదలుపెట్టారు, 1994లో దగాంజో సెల్ ట్రాన్స్‌మిషన్ మోడల్‌తో క్యూ వెనక్కి పాకడం కూడా లెక్కలోకి తెచ్చారు. ఈ రకం మోడల్స్‌ని డైనమిక్ ట్రాఫిక్ అసైన్‌మెంట్ అంటాం. ఉచిత సాఫ్ట్‌వేర్ కావాలంటే సుమో, మాట్‌సిమ్ ఉన్నాయి. నిమిషాలవారీ డిమాండ్, సిగ్నల్ టైమింగులు, ర్యాంపుల పొడవులు అన్నీ ఇవ్వాలి, ఇవి లేకుండా డైనమిక్ మోడల్ పెడితే పని పెరుగుతుందే తప్ప నిజం దగ్గరికి రాదు. పదేళ్ల తర్వాతి రోడ్డు ప్లానింగ్‌కి స్టాటిక్ చాలు. ఫలానా ర్యాంపు సాయంత్రం ఆరింటికి మూసెయ్యాలా వద్దా అన్న ప్రశ్నకి స్టాటిక్ పనికిరాదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, మీ రోడ్డు మీద టోల్ లేకపోయినా రేపు ఔటర్ రింగ్ రోడ్డు కలిపితే కావాలి. టోల్‌ని నిమిషాల్లోకి మార్చి టైమ్‌కి కలుపుతాం. టోల్ 30 రూపాయలై, మనిషి టైమ్ విలువ నిమిషానికి 2 రూపాయలైతే ఆ దారి 15 నిమిషాలు ఎక్కువ ఉన్నట్టు. అందరికీ ఒకే విలువ పెట్టడమే ఇక్కడ చేసే తప్పు. చాలా ఏళ్ల కిందట ఒక ఊరి టోల్ బైపాస్‌కి మేం చేసిన మోడల్ లారీలన్నీ బైపాస్ ఎక్కుతాయని చెప్పింది. తెరిచాక చూస్తే సగం లారీలు ఊళ్లోంచే. కారణం తెలియక ఊరి చివర టీ కొట్టు దగ్గర రెండు సాయంత్రాలు కూర్చుని డ్రైవర్లతో మాట్లాడాను. ఓనరు ట్రిప్పుకింత అని ముందే చేతిలో పెడతాడు, దారి ఖర్చులు అందులోనే, మిగిలింది డ్రైవరుది. టోల్ కట్టకుండా ఊళ్లోంచి పోతే ఆ డబ్బు ఇంటికి చేరుతుంది. ఒక పెద్దాయన ఇంకో మాట కూడా చెప్పాడు, బైపాస్ మీద టైరు పేలితే పంక్చర్ షాపు లేదు బాబూ, రాత్రిపూట ఎవర్ని పిలుస్తాం అని. మేం లారీ కంపెనీ లెక్క ప్రకారం టైమ్ విలువ వేశాం, స్టీరింగ్ దగ్గర కూర్చున్న మనిషి లెక్క వేరు. 2021 ఫిబ్రవరి నుంచి నేషనల్ హైవే టోల్ ప్లాజాల్లో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక, ట్యాగ్ ఓనరు పేరున ఉన్నచోట డబ్బు నేరుగా ఓనరు అకౌంట్ నుంచే పోతోంది. ఎవరి జేబు అన్నది మారింది కాబట్టి అంతకుముందు సర్వేల నుంచి తీసిన లారీ విలువలు ఇప్పుడు వాడితే మళ్లీ దెబ్బతింటాం.

వార్డ్రాప్ రెండో సూత్రం గురించి కూడా అడిగారు, అందరి మొత్తం టైమ్ తక్కువయ్యేలా పంచడం. మన ఉదాహరణలో అది ఊరి రోడ్డు మీద సుమారు 2215, బైపాస్ మీద 1785. సగటు టైమ్ 18 నుంచి 15.4 నిమిషాలకి దిగుతుంది, కానీ ఊరి రోడ్డులో 13.3, బైపాస్‌లో 18.1. పక్కవాడికంటే దాదాపు ఐదు నిమిషాలు ఎక్కువ పట్టే దారిలో 1785 మంది తమంతట తాము రోజూ వెళ్లరు. టోల్ పెట్టాలి, లేదా ఇంకేదో చెయ్యాలి. అందుకే దీన్ని అంచనా అని రిపోర్టులో రాయొద్దు, ఇంత మిగిల్చుకునే అవకాశం ఉందని చూపించడానికి మాత్రమే వాడండి. కొత్త లింకు కలిపితే అందరి టైమూ పెరగొచ్చని 1968లో డీట్రిచ్ బ్రేస్ చూపించిన ఉదాహరణ కూడా ఈ రెండు సూత్రాల మధ్య తేడా వల్లే. ఆయన లెక్కలో ఒక రోడ్డు కలపగానే ఒక్కొక్కరి ఖర్చు 83 నుంచి 92కి పెరిగింది. ఫ్లైఓవర్ వస్తే బాగుపడుతుందని ముందే రాసేసుకుని మోడల్ మొదలుపెట్టకూడదు అనడానికి ఇది చాలు.

మీకు ఉన్న టైమ్‌లో నేనైతే ఇలా చేస్తాను. టూవీలర్లు, స్థానిక ట్రిప్పులు విడదీసి, కార్లకి ఫ్రాంక్ వుల్ఫ్‌తో యూజర్ ఈక్విలిబ్రియం 0.0001 గ్యాప్ దాకా. అదే నెట్‌వర్క్ మీద పాత్ సైజ్ దిద్దుబాటుతో స్టొకాస్టిక్ ఈక్విలిబ్రియం. రెండూ పక్కపక్కన పెట్టి, సర్వేతో పోల్చి ఏది దగ్గరగా ఉందో రాయడం. పీక్ అవర్‌లో ఎక్కడెక్కడ ఫ్లో కెపాసిటీ దాటిందో ఆ లింకుల జాబితా విడిగా ఇచ్చి, ఇక్కడ స్టాటిక్ అంకెలు నమ్మొద్దు అని స్పష్టంగా చెప్పండి, ఎగ్జామినర్ అదే అడుగుతారు.

సర్వే లేకుండా థీటా రాదు. పని పెద్దదేం కాదు, నంబర్ ప్లేట్ సర్వే. మెహదీపట్నం చివర ఇద్దరు, ఆరాంఘర్ చివర ఇద్దరు, రెండు చోట్లా ఒకరు పై దారికి, ఒకరు కింది దారికి. కార్ల నంబర్లు, నిమిషం రాసుకోవాలి, గడియారాలు నలుగురివీ ముందే ఒకటి చేసుకోవాలి. చివరి నాలుగు అంకెలే రాస్తే వేరే వేరే బండ్లు కలిసిపోతాయి, వాటి ముందున్న సిరీస్ అక్షరాలు కూడా రాయించండి. రెండు చివరలా కలిసిన నంబర్లే నిజంగా ఎంపిక ఉన్నవాళ్లు. వాళ్లలో ఎవరు ఎటు వెళ్లారో, ఎంత టైమ్ పట్టిందో రెండూ ఒకేసారి తెలుస్తాయి, థీటాకి కావాల్సింది అవే. ఎక్స్‌ప్రెస్‌వే మీద నిలబడటానికి చోటు ఉండదు, ప్రమాదం కూడా, కాబట్టి ర్యాంపు మొదట్లోనే నిలబడాలి, ట్రాఫిక్ పోలీసుల అనుమతి కాగితం జేబులో ఉండాలి. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది, మధ్యాహ్నం ఒక గంట. ఆ మధ్యాహ్నం గంట మానెయ్యకండి, రద్దీ లేనప్పుడు జనం ఎలా చీలతారో అక్కడే కనిపిస్తుంది. రాసేవాళ్లని గంటకోసారి మార్చండి, అంతకంటే ఎక్కువసేపు అయితే కళ్లు అలిసిపోయి 8ని 3 అని రాసేస్తారు.